కోడలి టవరుకు అత్తగారి వకాల్తా

ఆర్కిటెక్టుల సంఘం కార్యదర్శి సైటు హెల్మెట్‌ను బోర్లించకుండా గిన్నెలా పట్టుకుని ఇద్దరి ముందుకూ వచ్చాడు. అందులో రెండే రెండు చీటీలు ఉన్నాయి. ఒకదాని మీద సమర్థన అని, రెండోదాని మీద ఖండన అని రాసి ఉంటుంది. ఏ చీటీ చేతికొస్తే ఆ పక్షాన వాదించాలి, నమ్మకాలతో నిమిత్తం లేదు. ఆర్కిటెక్టులు తాము నమ్మినదాన్నే వాదిస్తూ కూర్చుంటే జన్మలో బాగుపడరని సంఘం స్థాపించిన పెద్దాయన ఎప్పుడో తేల్చేసి పోయాడు. ఆయన పోయినా ఆ హెల్మెట్ ఆనవాయితీ పోలేదు.

నగరంలో కొత్తగా లేచిన పెద్ద అపార్టుమెంటు ఒకదాన్ని ఏటా ఎంచుకుని, అది మంచి కట్టడమా కాదా అని ఇద్దరి చేత వాదింపజేయడం ఈ సంఘానికి పెద్ద సరదా. ఈ ఏడు ఎంచుకున్నది స్టేషను వెనక లేచిన ముప్పై రెండంతస్తుల టవరు. దాన్ని గీసింది కోడలు. వాదించడానికి పిలిచింది ఆ కోడల్నీ, ఆవిడ అత్తగారినీ. అత్తాకోడళ్ళు ఒకే వేదిక ఎక్కితే హాలు కిటకిటలాడుతుందని కమిటీ వాళ్ళ దురాలోచన. అందులో వాళ్ళేమీ పొరబడలేదు.

అత్తగారూ ఆర్కిటెక్టే. రిటైరై చాలాకాలమైనా చేతిసంచిలో స్టీలు టేపు లేకుండా గడప దాటరు. అందుకే సంఘంలో ఆవిడ్ని టేపు మేడం అంటారు. బడులు కట్టారు, పిల్లల ఆసుపత్రి కట్టారు, ఒక లైబ్రరీ కట్టారు. ఏదీ నాలుగంతస్తులు దాటలేదు. నాలుగు దాటితే కింద నడిచే మనిషి మొహం కనపడదనీ, మొహం కనపడని చోట మనిషి ఎలా బతుకుతాడనీ ఆవిడ వాదం. పొడుగు భవనాల మాటెత్తితే ఒంటికాలి మీద లేస్తారు. కాబట్టి కోడలు సమర్థిస్తుందనీ, అత్తగారు దుమ్ము దులిపేస్తారనీ అందరూ ముందే నవ్వుకుంటున్నారు.

కోడలు చీటీ విప్పింది. ఖండన.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అక్షరాలు మారలేదు. పక్కన అత్తగారు తన చీటీ విప్పి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి చదివి, మడిచి సంచిలో వేసుకున్నారు. కార్యదర్శి ముఖం మాత్రం పండగొచ్చినట్టు వెలిగిపోయింది. సొంత టవరును తిట్టాల్సిన కోడలు, దాన్ని వెనకేసుకు రావాల్సిన అత్తగారు! సంఘం పుట్టాక ఇంత రంజుగా చీటీలు పడలేదని అతను అక్కడికక్కడే పదిమందికి ఫోన్లు చేశాడు.

కోడలు మాత్రం నీరుగారిపోయింది. తిట్టాల్సి వచ్చినందుకు కాదు. దానికి వేరే కారణం ఉంది.

ఆమె చిన్నప్పుడు బడి వదలగానే పరిగెత్తుకెళ్ళి కూర్చున్న లైబ్రరీ, అత్తగారు కట్టినదే. మధ్యాహ్నం పూట పుస్తకం మీద పడే ఎండ తల తిప్పేసరికి పక్కకి తప్పుకునేది, కళ్ళలో గుచ్చుకునేది కాదు. దాన్ని ఎవరో ఆలోచించి అలా చేశారని తెలిసిన రోజున ఆమె ఆర్కిటెక్టు అవుదామనుకుంది. అయ్యింది. ఆ తర్వాత అది కట్టినావిడ కొడుకును, ఒక పళ్ళ డాక్టరును, పెళ్ళి చేసుకుంది. కొడుకు కోసం చేసుకున్నావా, లైబ్రరీ కోసమా అని ఆ పళ్ళ డాక్టరు ఇప్పటికీ అడుగుతుంటాడు. ఆమె ఇప్పటికీ జవాబు దాటేస్తుంటుంది.

అలాంటిది, తను మొదటిసారి సొంతంగా గీసిన పెద్ద భవనం గుమ్మాన్ని అత్తగారు తొక్కలేదు. ప్రారంభం రోజున మోకాళ్ళ నొప్పులన్నారు. ఆ తర్వాత ఎండలన్నారు, వానలన్నారు. ఒకసారి కారులో ఆ వీధిన పోతూ కిటికీలోంచి మెడ సారించి చూశారు. "పొడుగ్గా ఉంది" అన్నారు. అంతే. ఆ తర్వాత కూరగాయల ధరల్లోకి వెళ్ళిపోయారు.

ఆ ఒక్క మాటను కోడలు ఏడాదిగా నములుతూనే ఉంది. ఊళ్ళో వాళ్ళు మెచ్చుకున్నారు, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. అవేవీ చెవికెక్కలేదు. ఆమెకు కావాల్సింది అత్తగారి నోటివెంట ఒక్క మాట. బాగుందనైనా సరే, బాగాలేదనైనా సరే. ఇప్పుడు ఆ అత్తగారే వేదికెక్కి అరగంట పాటు ఆ టవరును పొగడబోతున్నారు. కానీ చీటీ పొగిడించిన పొగడ్తను ఎవరు నమ్ముతారు? నిజమైన మాట కోసం అంతకాలం చూసి చూసి, చివరికి అద్దె మాట వినాల్సి వచ్చిందే అని ఆమెకు ఏడుపొక్కటే తక్కువైంది.

వాదన ముగిసేదాకా ఇద్దరూ ఆ విషయం మాట్లాడుకోకూడదన్నది ఇంకో నిబంధన. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళకు ఇదెంత చిత్రహింసో కమిటీకేం తెలుసు! వాదనకు మిగిలిన ఆ వారమంతా భోజనాల బల్ల దగ్గర గరిటెల చప్పుడు తప్ప మరోటి లేదు.

"అమ్మా, పప్పు ఇటు జరపమని అవతలి పక్షం వారు కోరుతున్నారు" అన్నాడు పళ్ళ డాక్టరు, మధ్యలో కూర్చుని.

"వారి కోరిక మన్నించాం" అన్నారు అత్తగారు, గిన్నె జరుపుతూ.

"ఏమండీ, మీరు కాస్త నోరు మూసుకుంటారా?" అంది కోడలు.

"నోళ్ళు తెరిపించడం నా వృత్తి. ఇంటికొస్తే మూసుకోవడమే కదా నా పని" అన్నాడతను. ఇద్దరూ నవ్వు ఆపుకుని ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు.

అత్తగారు రోజూ పొద్దున్నే గొడుగూ సంచీ పట్టుకుని ఎటో వెళ్ళిపోయేవారు. ఎక్కడికంటే నడకకు అనేవారు. వాదనకు కాగితం మీద పెన్ను పెట్టిన పాపాన పోలేదు. ఏదో నాలుగు మర్యాద మాటలు చెప్పి దిగిపోదామని చూస్తున్నారని కోడలికి అర్థమైపోయింది. ఆ మర్యాదే ఆమెకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది. పెళ్ళయిన రోజు నుంచీ అత్తగారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఇతర ఆర్కిటెక్టులు గీసినవి కనిపిస్తే చీల్చి చెండాడేవారు. కోడలివి మాత్రం చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఈలోగా బిల్డరు ఫోన్ చేశాడు. టవరు అతనిదే. పక్క స్థలంలో రెండోది కట్టబోతున్నాడు. దానికి బొమ్మలు గీయమని కోడలికి ఇప్పటికే చెప్పాడు.

"మేడం, సభలో మన టవరు గురించి మాట్లాడుతున్నారటగా! ముందు వరసలో కూర్చుంటాను. మావాళ్ళందర్నీ వెంటబెట్టుకొస్తాను."

"అదేనండీ... నేను మాట్లాడేది దానికి వ్యతిరేకంగా" అంది కోడలు నీళ్ళు నములుతూ.

"అంటే?"

"తిట్టాలండీ."

"మన టవర్నే?" అన్నాడు బిల్డరు.

"పోటీ నియమం అలాంటిదండీ."

"మరి పొగిడేదెవరు?"

"మా అత్తగారు."

బిల్డరు పెద్దగా ఊపిరి పీల్చుకున్నాడు. "అత్తగారు కోడల్ని పొగడడం, కోడలు తనని తాను తిట్టుకోవడం... మా ఇంట్లో ఆడవాళ్ళని కూడా తీసుకొస్తా మేడం. ఈ వింత వాళ్ళూ చూడాలి" అన్నాడు.

తిట్టాలి గనక తప్పులు వెతకాలి కదా అని కోడలు తన టవరుకే వెళ్ళింది. మొదట్లో కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళింది. వీధిలో నిలబడి ఎవరో శత్రువు కట్టిందనుకుని చూడటం మొదలెట్టింది. అప్పుడు పట్టుకుంది ఆమెకు హుషారు! తనదని ఇన్నాళ్ళూ చూడకుండా వదిలేసినవన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఓసి నీ, ఇదేం గోడ! ఇదేం బాల్కనీ! తన తప్పులు తనే పట్టుకుంటుంటే ఏడుపు రావాల్సింది పోయి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. అప్పుడప్పుడూ పైకే నవ్వుకుంటూ రాసుకుంటున్న ఆమెను చూసి కాపలా మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

శనివారం సాయంత్రం హాల్లో ఇసక వేస్తే రాలనంత జనం. బిల్డరు అన్నట్టే కుటుంబ సమేతంగా ముందు వరస ఆక్రమించాడు. ఖండన పక్షం ముందు మాట్లాడాలి. కోడలు లేచింది.

"ఈ భవనం గీసినావిడ నాకు బాగా తెలుసు" అని మొదలుపెట్టింది. హాలు గొల్లుమంది. "అద్దంలో రోజూ కనిపిస్తుంది. మొహమాటం లేకుండా చెప్తాను. ముందు వీధిలోంచి చూద్దాం. మీరు స్టేషను నుంచి నడిచి వస్తున్నారు. ఎడమ పక్క ఒక గోడ మొదలవుతుంది. నడుస్తారు, గోడే. ఇంకా నడుస్తారు, గోడే. దాని వెనక మూడంతస్తుల మేర కార్లు పెట్టుకున్నారు. ఒక తలుపు లేదు, ఒక దుకాణం లేదు, వానొస్తే నిలబడటానికి ఒక చూరు లేదు. పైన వందల మంది బతుకుతున్నారు. కింద నడిచేవాళ్ళకి మాత్రం జైలు గోడ పక్కన పోతున్నట్టుంటుంది. ఇళ్ళు కట్టమంటే ఆవిడ వీధి వైపు వీపు పెట్టి కూర్చుంది."

చప్పట్లు. కోడలు చెంగు బిగించింది. సంచిలోంచి సుద్దముక్క తీసి, వేదిక మీదే మోకాళ్ళ మీద కూర్చుని ఒక దీర్ఘచతురస్రం గీసింది.

"ఇది ఆ టవర్లో బాల్కనీ. అసలు కొలతే. కార్యదర్శి గారూ, ఒక కుర్చీ తెచ్చుకుని ఇందులో కూర్చోండి. ఏమండీ, మీరూ రండి, ఎదురుగా కూర్చోండి."

పళ్ళ డాక్టరు బిక్కమొహం వేసుకుని వేదికెక్కాడు. ఇద్దరూ గీత దాటకుండా ఎదురెదురుగా కూర్చోబోయారు. మోకాళ్ళు టక్కున కొట్టుకున్నాయి. కార్యదర్శి కాళ్ళు పక్కకి తిప్పితే ఊహల్లో ఉన్న కటకటాలు దాటి కింద పడ్డట్టే లెక్క. జనం పడీ పడీ నవ్వారు.

"చూశారుగా! అందంగా కనపడాలని ఒక్కో ఇంటికీ ఒకటి తగిలించారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగడానికి పనికిరాదు. నేను వెళ్ళి చూశాను. అక్కడ చెప్పులున్నాయి, పాత సైకిళ్ళున్నాయి, ఎండిపోయిన మొక్కలున్నాయి. మనుషులు మాత్రం లేరు."

ఆ తర్వాత శిఖరం మీద నీలం దీపాల అద్దపు డబ్బాను ఏకిపారేసింది. తలుపు తీసిన ఫ్రిజ్‌ను ఆకాశంలో పెట్టినట్టుందంది. గొంతు పెరిగింది, చేతులు గాల్లో ఆడాయి. తను ఎవర్ని తిడుతోందో ఆమెకే గుర్తులేదు. చివరికి కారిడార్ల దగ్గరికి వచ్చింది. ఇక్కడ మాత్రం గొంతు కొంచెం తగ్గింది.

"లిఫ్టు దిగి మీ ఇంటికి నడవాలంటే ఒక పొడుగాటి సొరంగం. రెండు పక్కలా తలుపులు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. ఎదురింటివాళ్ళ మొహం సరిగ్గా కనపడదు, అందుకే పలకరించుకోరు. మొదటి బొమ్మలో ఆ కారిడారు చివర నిలువెత్తు కిటికీ ఉంది. తర్వాత ఆ చోటును మూల ఇంటి పడకగదిలో కలిపేశారు. కలపమన్నవాళ్ళని నేనేమీ అనను, వాళ్ళు అడుగుతారు. ఒప్పుకున్నది మాత్రం గీసినావిడ. గట్టిగా కాదని ఉంటే ఆ కిటికీ ఉండేది. ఆవిడ కాదనలేదు. వెలుతురు తీసేసి ఇల్లు కట్టినావిడ పేరు పక్కన ఆర్కిటెక్టు అని రాయడం నాకు ఇష్టం లేదు."

కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. ముందు వరసలో బిల్డరు కూడా కొట్టబోయి, భార్య మోచేత్తో పొడిస్తే ఆగిపోయాడు. కోడలు కూర్చుంది. తన బిడ్డను తనే నలుగుర్లో చావగొట్టినట్టూ ఉంది, లోపల ఏదో పెద్ద బరువు దిగినట్టూ ఉంది.

అత్తగారు లేచారు. చేతిలో కాగితం లేదు. టేపు మాత్రం ఉంది.

"పోయిన వారం దాకా నేను ఈ టవరు లోపలికి అడుగు పెట్టలేదు" అన్నారు. "ఈ వారం రోజూ వెళ్ళాను."

కోడలు చివాలున తలెత్తింది. అయితే ఆ నడకలన్నీ అక్కడికేనన్నమాట.

"నాకు లిఫ్టంటే భయం. అందుకని కళ్ళు మూసుకుని ఎలాగో పైదాకా వెళ్ళాను. దిగేటప్పుడు నావల్ల కాక మెట్లదారి పట్టాను. నిప్పంటుకుంటే పారిపోవడానికి కట్టే మెట్లవి. అన్ని టవర్లలోనూ చూశాను నేను. చీకటి గుయ్యారం, సున్నం వాసన, పనికిరాని సామాను. ఇక్కడ తలుపు తోశాను, వెలుతురు వచ్చి మొహాన కొట్టింది. ప్రతి మలుపులోనూ ఒక కిటికీ ఉంది. కిటికీ కింద గట్టు వెడల్పుగా ఉంది. ఎత్తు ఎంతో కొలిచాను." టేపును సర్రున లాగి చూపించారు. "సరిగ్గా మనిషి కూర్చునేంత. అది అనుకోకుండా కుదిరిన కొలత కాదు. ముప్పై రెండంతస్తుల్లోనూ అదే కొలత.

"దిగుతుంటే ఒక మలుపులో ఒకావిడ ఫోన్లో వాళ్ళక్కతో మాట్లాడుకుంటోంది. ఇంకో మలుపులో ఇద్దరు పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. కిందకొస్తే ఒక పెద్దాయన పేపరు చదువుతున్నాడు. ఇంట్లో కూర్చోవచ్చుగా అన్నాను. ఇక్కడైతే వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తారమ్మా అన్నాడు. నాలుగంతస్తులు దాటితే మనిషికి మనిషి కనపడడని నేను నలభై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. అక్కడ కనపడుతున్నారు! నా మోకాళ్ళతో అన్ని మెట్లూ దిగాను, నొప్పి తెలియలేదు. మెట్టు మెట్టుకీ ఎత్తు అంత తగ్గించి, అడుగు పట్టే చోటు అంత పెంచి గీశారు. ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని చోట, బ్రోచర్లో ఫొటో కూడా వెయ్యని చోట ఒక మనిషి ఇంత మనసు పెట్టింది. అందరికీ కనపడే మొహానికి రంగు ఎవరైనా పూస్తారు. నేను కట్టిన వాటిలో అలాంటి మెట్లు ఒక్కటీ లేవు."

ఆ మెట్ల సంగతి కోడలు ఎవరికీ చెప్పలేదు. కారిడారు కిటికీ పోయిన రోజున ఉక్రోషం పట్టలేక, పోయిన వెలుతురునంతా తీసుకెళ్ళి మెట్లలో పెట్టింది. ఎలాగూ అక్కడికి ఎవరూ రారని బిల్డరు ఆ బొమ్మ వైపు చూడనైనా చూడలేదు. తనకే మరుపున పడిన దాన్ని అత్తగారు టేపు పెట్టి కొలిచి మరీ తవ్వి తీశారు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మరుక్షణమే అనుమానం పీక పట్టుకుంది. టేపు మేడం ఏ భవనాన్నయినా, ఏ పక్షం నుంచయినా ఇంత బాగానూ వాదించగలరు. చీటీ తారుమారై ఉంటే ఇదే గొంతుతో ఆ మెట్లనే కడిగి పారేసేవారేమో!

ఇక మిగిలింది ప్రశ్నలు. ఒకరినొకరు ఒక్కో ప్రశ్న అడగొచ్చు. అత్తగారు తనకు అడిగేదేం లేదన్నారు. కోడలు లేచింది. అడగాలనుకున్నది ఒకటే, మీరు చెప్పింది నిజమేనా అని. అది అడిగితే నియమాన్ని తుంగలో తొక్కినట్టే. పైగా వాదనలో పడి ఒళ్ళు వేడెక్కి ఉంది, గెలవాలన్న పట్టుదల నరనరానా ఎక్కింది.

"మెట్ల గురించి విన్నాం. బాగుంది. మరి కారిడారు గురించి సమర్థించేవారు ఏమంటారు?"

అత్తగారు నోరు తెరిచారు. మూశారు. గ్లాసెత్తి మంచినీళ్ళు తాగారు. టేపు మేడానికి జవాబు తట్టకపోవడం ఆ హాల్లో ఎవరూ కనీ వినీ ఎరుగరు.

"కారిడారు..." అన్నారు చివరికి. "పొడుగ్గా ఉంది."

నవ్వులకు హాలు దద్దరిల్లింది. పళ్ళ డాక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎవరు నెగ్గారో తేల్చడానికి సభను చేతులెత్తమన్నారు. లెక్కపెట్టనక్కర్లేదు, ఖండన పక్షమే నెగ్గింది. కోడలు గెలిచింది, ఆమె టవరు చెడ్డదని తీర్మానమైంది. అభినందించాలో ఓదార్చాలో తెలియక స్నేహితులు తికమకపడుతూ చేతులు కలిపారు. ఆ గుంపును తోసుకుంటూ బిల్డరు వచ్చాడు.

"మేడం, రెండో టవర్లో ఆ కిటికీ ఏదో పెట్టి పారేయండి. ఇంట్లో నాకు మొహం చెల్లట్లేదు. సొరంగాలు కడతావటగా అని ఇప్పుడే మా ఆవిడ మొదలెట్టింది."

ఇంకో రోజైతే ఆ మాటకు కోడలు ఎగిరి గంతేసేది. ఇప్పుడు ఆమె కళ్ళు అత్తగారి కోసం వెతుకుతున్నాయి. వేదిక మీద లేరు. హాల్లో లేరు. బయటికి పరిగెత్తింది. గేటు దగ్గర టాక్సీ తలుపు తెరిచి పట్టుకుని అత్తగారు నిలబడి ఉన్నారు. ముఖం జేవురించి ఉంది.

"ఎక్కు" అన్నారు.

"ఎక్కడికత్తయ్యా?"

"ఎక్కమంటున్నానా!"

టాక్సీ టవరు దగ్గర ఆగగానే అత్తగారు దిగి, కాపలా మనిషి సలాము చేసినా చూడకుండా లోపలికి నడిచారు. లిఫ్టు తలుపులు మూసుకోగానే కళ్ళు గట్టిగా మూసుకుని కోడలి మణికట్టు పట్టుకున్నారు. పదిహేనో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. బయట సాయంత్రపు ఎండ ఇంకా ఉన్నా కారిడార్లో దీపాలు వెలుగుతున్నాయి. అత్తగారు విసవిసా నడిచి చివరి గోడ దగ్గరికి వెళ్ళి, అరచేత్తో దాని మీద ఫట్టున కొట్టారు.

"దీని వల్ల ఓడిపోయాను. తెలుసా? దీని వల్ల! ఎంత వెతికినా దీనికి ఒక్క మంచి మాట దొరకలేదు నాకు. వారం రోజులు నిద్ర లేదు. ఆ మెట్లు చూపించి ఎలాగైనా గెలుస్తానని వచ్చాను. గెలవాల్సిన భవనం! నువ్వు ఈ గోడ కట్టించి నా చేతులు కట్టేశావు."

"అత్తయ్యా, అది చీటీ..."

"చీటీ లేదు గాడిద గుడ్డూ లేదు! ఆ మెట్లు గీసిన దానివి ఇక్కడికొచ్చేసరికి నోరెలా పడిపోయింది నీకు? కాదని చెప్పలేవా? బొమ్మలు చుట్టి చంకన పెట్టుకుని లేచి రాలేవా? నా దగ్గరికి రాలేవా? నేనెళ్ళి మాట్లాడి ఉండేదాన్ని కదా!"

"మీరు నా బొమ్మలు ఎప్పుడైనా చూశారా?" కోడలి గొంతు కూడా లేచింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కటంటే ఒక్కటి చూశారా? చూపించాలని ఎన్నిసార్లు మీ గది దాకా వచ్చి వెనక్కి పోయానో తెలుసా?"

అత్తగారు గోడ మీది చెయ్యి తీయలేదు. నెమ్మదిగా అన్నారు.

"భయపడ్డానే. బాగాలేకపోతే నీ మొహాన చెప్పలేను, కోడలివైపోయావు. బాగుంటే... నాకంటే బాగుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. అందుకే గుమ్మం తొక్కలేదు. ఆ మెట్లు దిగుతున్నప్పుడు సిగ్గేసింది నాకు." అంటూనే మళ్ళీ గోడ కనిపించి కోపం ఎగదన్నుకొచ్చింది. "అయినా సరే, దీన్ని మాత్రం క్షమించను. ఏమనుకున్నావు? ఈ చివర అడుగున్నర చోటు వదిలినా సరిపోయేది. అడుగున్నర! దానికి కూడా పోట్లాడలేని దానివి ముప్పై రెండంతస్తులు గీయడానికి ఎందుకు ఒప్పుకున్నావు?"

కోడలికి నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. ఇన్నేళ్ళుగా దక్కనిది ఇదే. మెచ్చుకోలుతో పాటు చీవాట్లు, అరుపులతో సహా. గోడకు జారగిలబడి చెంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ అరుపులకు పక్క తలుపు తెరుచుకుంది. ఇంటావిడ తల బయటపెట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏడుస్తున్నావిడ ఎవరో, మీద పడుతున్న పెద్దావిడ ఎవరో వాలకం చూసి కనిపెట్టేసింది.

"ఏమిటండీ పెద్దవారు, కోడల్ని ఇలా వీధిన పెట్టి తిట్టొచ్చా?" అంది.

"కోడల్ని తిట్టట్లేదమ్మా" అన్నారు అత్తగారు, ఆవిడ వైపు తిరగకుండానే. "నేను తిడుతున్నది ఆర్కిటెక్టుని."

ఇంటావిడకు అర్థం కాలేదు. తలుపు దగ్గరికి వేసుకుంది. కోడలు కళ్ళు తుడుచుకుని, గోడ వదిలి నిటారుగా నిలబడింది.

"ఇంకా చెప్పండత్తయ్యా" అంది.